అమ్మమ్మ హారతిలో ఒక గాంధారం

స గా రి గ మా. ఈ ఐదు స్వరాలు ఎక్కడ వినపడినా నాకు ముందు కర్పూరం వాసన గుర్తొస్తుంది, రాగం పేరు ఆ తర్వాతే. ఆనందభైరవి. మామూలుగా సంగీతం నేర్చుకునేవాళ్ళకి రాగం పేరు, స్వరాలు ఎక్కే వరస ఆరోహణ, దిగే వరస అవరోహణ ముందు చెప్పి తర్వాత కీర్తన చెప్తారు కదా, నాకు ఈ ఒక్క రాగం విషయంలో అంతా తలకిందులుగా జరిగింది, పేరు తెలియకముందే పదేళ్ళ పాటు ఆ రాగం వింటూ నిద్రపోయాను, దాన్ని వింటూనే నిద్ర లేచాను.

మా అమ్మమ్మ గారి ఊరు కృష్ణా జిల్లాలో మొవ్వకి దగ్గర్లో ఒక చిన్న పల్లె. మొవ్వ అంటే క్షేత్రయ్య ఊరు, ఆ పక్కనే కూచిపూడి. ఇవన్నీ నాకు పెద్దయ్యాక తెలిసిన సంగతులు, అప్పట్లో మాకు ఆ ఊరంటే సెలవులు, చెరువు, తాటిముంజెలు, అమ్మమ్మ పాటలు అంతే. అమ్మమ్మ సంగీతం నేర్చుకోలేదు. చదవడం రాయడం వచ్చు గానీ సరిగమలు అంటే ఏంటో ఆవిడకి తెలియదు, కానీ ఆవిడ నోట్లో పాటల మూటే ఉండేది. మేలుకొలుపులు, లాలి పాటలు, నలుగు పాట, తలుపు దగ్గర పాట, బంతులాట పాట, అప్పగింతల పాట, ఇక మంగళహారతులైతే లెక్కలేదు. ఊళ్ళో ఎవరింట్లో పెళ్ళయినా పేరంటమైనా "పాట పాడే పెద్దావిడని పిలుచుకురండి" అంటే మా అమ్మమ్మనే.

శుక్రవారం సాయంత్రం హారతి మాత్రం నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టు ఉంది. దేవుడి గూట్లో దీపం వెలిగించి, ఇత్తడి పళ్ళెంలో కర్పూరం పెట్టి, ఎడమ చేత్తో చిన్న గంట వాయిస్తూ కుడి చేత్తో పళ్ళెం తిప్పుతూ పాడేది, పాట చాలా నెమ్మదిగా సాగేది, మేము పిల్లలం వెనక నిలబడి ఎప్పుడెప్పుడు ప్రసాదం పెడుతుందా అని చూస్తుండేవాళ్ళం. పాటలో ప్రతి చరణానికీ ఒక చోట ఆవిడ గొంతు కొంచెం పైకి లేచి, అక్కడే నిలబడి, మళ్ళీ వంగి కిందకి దిగేది. ఆ చోటికి వచ్చేసరికి తిరుగుతున్న పళ్ళెం కూడా ఒక్క క్షణం గాల్లో ఆగేది. కావాలని ఆపేది కాదు, గొంతు ఆగితే చెయ్యి ఆగేది. పళ్ళెం ఆగగానే కర్పూరం మంట నిటారుగా నిలబడేది, మళ్ళీ తిప్పగానే వాలేది. ఆ నిటారుగా నిలబడిన మంట చూడటం కోసమే నేను అందరికన్నా ముందుకి వచ్చి నించునేదాన్ని.

ఇంకో పాట కూడా చెప్పాలి. మా చిన్న పిన్ని పెళ్ళి 1978లో, ఎండాకాలంలో. అప్పగింతలప్పుడు పిన్నినీ బాబాయినీ పక్కపక్కన కూర్చోబెట్టి, పాలల్లో చేతులు ముంచి అప్పగిస్తుంటే అమ్మమ్మే పాట ఎత్తుకుంది. కన్నతల్లి కదా, పాడలేకపోతుంది, వేరే ఎవరినైనా పాడమందాం అనుకున్నారట అందరూ, కానీ ఆవిడ ఎవరినీ పాడనివ్వలేదు. ఏడుస్తూనే పాడింది, ఎక్కడా వరస తప్పలేదు. ఆ వరసా హారతి వరసా ఒకటే అని ఎనిమిదేళ్ళ నాకే తెలిసింది, మాటలు వేరు, కాలం ఇంకా నెమ్మది, అంతే. తర్వాత పిన్ని గడప దగ్గర నుంచి బండి దాకా వెళ్ళడం... రెండడుగులు వేసి, ఆగి, ఒకడుగు వెనక్కి వేసి వాళ్ళమ్మ వైపు చూసి, మళ్ళీ ముందుకి వెళ్ళడం, అది నాకు మర్చిపోలేని బొమ్మలా ఉండిపోయింది. ఎందుకు చెప్తున్నానో కొంచెం ముందుకి వెళ్ళాక తెలుస్తుంది.

మా నాన్న ఉద్యోగం విజయవాడలో. సత్యనారాయణపురంలో అద్దెకి ఉండేవాళ్ళం, ఆ పేటలో రెండు వీధులు తిరిగితే ఏదో ఒక ఇంట్లోంచి శ్రుతి పెట్టె వినపడేది. నాకు పదేళ్ళప్పుడు పక్క వీధిలో ఒక మాస్టారి దగ్గర చేర్పించారు. పెద్దాయన, రిటైరైపోయారు, సన్నగా ఉండేవారు, ఎప్పుడూ తెల్ల పంచె, చెవి మీద ఒక పెన్సిలు. మాయామాళవగౌళలో సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, తర్వాత గీతాలు, స్వరజతులు, వర్ణాలు, అన్నీ వరసగా అయ్యాయి. ఆ సంవత్సరాల గురించి పెద్దగా చెప్పేదేం లేదు, తెల్లారి ఐదింటికి లేపేవాళ్ళు, నిద్ర మొహంతో వెళ్ళి తాళం వేసేదాన్ని.

ఒక రోజు, 1983లో అనుకుంటా, మాస్టారు "ఈవాళ రామదాసు కీర్తన మొదలుపెడదాం" అన్నారు. పలుకే బంగారమాయెనా. అది మాకు కొత్త కాదు, బెజవాడ రేడియోలో పొద్దున్నే భక్తిరంజనిలో బాలమురళీకృష్ణ గారి గొంతులో రామదాసు కీర్తనలు వింటూ పెరిగినవాళ్ళం. ఆయన పాడాక ఆ కీర్తన ఊరూరా ఆ మట్టులోనే స్థిరపడిపోయింది. కానీ మాస్టారు సాహిత్యం ఎత్తుకోకుండా ముందు రాగం పాడారు, శ్రుతి పెట్టె మీద కళ్ళు మూసుకుని, స గా రి గ మా... పా మ గా రి సా... స్వరాల పేర్లు పలక్కుండా "ఆ" అంటూ అకారంలో. నాకు ఒళ్ళంతా ఏదో అయిపోయింది. తాళం వేస్తున్న చెయ్యి ఆగిపోయింది. నేను ఉన్నపళంగా "మాస్టారూ, ఇది మా అమ్మమ్మ హారతండీ" అనేశాను.

ఆయన కోప్పడతారనుకున్నాను, ఎందుకంటే మధ్యలో మాట్లాడితే ఆయనకి నచ్చేది కాదు. కోప్పడలేదు. శ్రుతి పెట్టె ఆపకుండానే "ఏదీ, పాడమ్మాయ్" అన్నారు. పాడాను. ఒక చరణం అయ్యాక "మళ్ళీ" అన్నారు. మూడోసారి పాడుతుంటే చెవి మీద పెన్సిలు తీసి నా నోటుబుక్కు దగ్గరికి లాక్కుని అక్షరాల మీద స్వరాలు వేసుకుంటూ వెళ్ళారు. మా అమ్మమ్మ హారతికి స్వరం రాస్తున్నారు! నాకు అది ఎంత గొప్పగా అనిపించిందంటే, అప్పటిదాకా స్వరం రాసి ఉండేవి త్యాగయ్యవి, దీక్షితుల వారివి, మా వంటింటి పాటకి కూడా స్వరం ఉంటుందని నాకు తెలియదు.

రాస్తూ రాస్తూ ఒక చోట ఆగారు. "ఇక్కడ ఇంకోసారి పాడు, నువ్వు కాదు, మీ అమ్మమ్మ ఎలా పాడుతుందో అలా పాడు" అన్నారు. ఆ చోటేదో చెప్పక్కర్లేదు, పళ్ళెం ఆగే చోటు. పాడాను. ఆయన అక్కడ గ రాసి, దాని మీద చిన్న నక్షత్రం గుర్తు పెట్టారు. "అంతర గాంధారం వేసింది మీ అమ్మమ్మ" అన్నారు. అంటే ఈ రాగంలో మామూలుగా వేసే గ కన్నా ఒక మెట్టు పైనుండే గ. ఇక ఆ రోజు కీర్తన మొదలవలేదు, గంటన్నర ఆ ఒక్క గ గురించే చెప్పారు.

ఆయన చెప్పింది నాకు అర్థమైనంతలో రాస్తాను, సంగీతం నేర్చుకోనివాళ్ళకి కూడా పట్టుబడేలా.

ఆనందభైరవి ఆరోహణ స గ రి గ మ ప ద ప స. అవరోహణ స ని ద ప మ గ రి స. దిగేటప్పుడు ఏడు స్వరాలూ వరసలో ఉన్నాయి, మెట్లు దిగినట్టు దిగొచ్చు. ఎక్కేటప్పుడే అసలు సంగతంతా. స నుంచి రి కి వెళ్ళరు. రి ని దాటి గ ని అందుకుని, ఒక మెట్టు వెనక్కి వచ్చి రి ని పలకరించి, మళ్ళీ గ మీదుగా మ కి. పైన కూడా అంతే, ప నుంచి ద కి ఒకడుగు వేసి, వెనక్కి ప కి వచ్చి, అక్కణ్ణుంచి ఒక్కసారిగా పై షడ్జానికి, అంటే పై స కి గంతు. ఎక్కేటప్పుడు నిషాదం, అంటే ని, లేనే లేదు, తిరిగి వచ్చేటప్పుడే కనపడుతుంది. ఇలా వంకర తిరిగే నడకని వక్రం అంటారు. మాస్టారు "ముందుకి రెండు, వెనక్కి ఒకటి" అని వేళ్ళతో చాప మీద నడిచి చూపిస్తుంటే నాకు గడప దగ్గర మా పిన్ని కనపడింది, ఆయనకి ఆ మాట చెప్పలేదు గానీ. ఇప్పటికీ స గ రి గ మ పాడినప్పుడల్లా ఆ రి దగ్గర ఎవరో వెనక్కి తిరిగి చూస్తున్నట్టే ఉంటుంది నాకు.

ఇప్పుడు స్వరస్థానాల సంగతి, అంటే ఒకే స్వరానికి ఉండే పై మెట్టు, కింది మెట్టు రకాల సంగతి. ఏడు స్వరాలూ ఉన్న 72 మూల రాగాల్ని మేళాలంటారు, వాటిలోంచి పుట్టినవి జన్యాలు. పుస్తకాల్లో ఇది 20వ మేళం నఠభైరవిలో జన్యం అని ఉంటుంది. నఠభైరవిలో ఉండేది సాధారణ గాంధారం, శుద్ధ ధైవతం, కైశికి నిషాదం. మరి ఆనందభైరవి పాడితే ఎక్కువగా వినపడే ధైవతం ఏది? చతుశ్రుతి ధైవతం, శుద్ధ ధైవతం కన్నా ఒక మెట్టు పైనుండే ద! అంటే ఏ మేళంలో పుట్టింది అని చెప్పారో ఆ మేళంలో లేని ధైవతమే ఈ రాగానికి ముఖ్యం. అందుకే కొంతమంది దీన్ని 22వ మేళం ఖరహరప్రియ కింద పెట్టాలంటారు. అటు పెడితే శుద్ధ ధైవతం బయటిదవుతుంది, ఇటు పెడితే చతుశ్రుతి ధైవతం బయటిదవుతుంది. ఇవి చాలవన్నట్టు అక్కడక్కడా అంతర గాంధారం, ఎప్పుడో ఒకసారి షడ్జాన్ని ఆనుకుని కాకలి నిషాదం కూడా తొంగిచూస్తాయి. సొంత మేళానికి చెందని స్వరాలు వస్తే వాటిని అన్య స్వరాలు అంటారు, అలాంటి స్వరాలు తీసుకునే రాగం భాషాంగ రాగం. స్వరం రాసేటప్పుడు అన్య స్వరం మీద నక్షత్రం పెడతారు, మాస్టారు నా పుస్తకంలో పెట్టింది అదే.

నేను అప్పుడు అడిగాను, "మరి మా అమ్మమ్మకి అన్య స్వరం అంటే తెలియదు కదండీ, ఎలా వేసింది?" అని. ఆయన పెన్సిలు చెవి మీద పెట్టుకుంటూ అన్న మాటలు ఇంచుమించు ఇవి. "రాగం ముందు పుట్టిందమ్మాయ్. జనం నోళ్ళలో తిరిగింది, గుళ్ళో పాడారు, ఉయ్యాల దగ్గర పాడారు. తర్వాతెప్పుడో పండితులు వచ్చి 72 అరలున్న బీరువా చేశారు, ఏ రాగాన్ని ఏ అరలో పెట్టాలా అని చూశారు. కొన్ని రాగాలు చక్కగా సరిపోయాయి. ఇది సరిపోలేదు, చెయ్యో కాలో బయటికి ఉండిపోయింది. ఆ బయటికి ఉన్నదానికి అన్య స్వరం అని పేరు పెట్టాం. మీ అమ్మమ్మకి బీరువా సంగతి తెలియదు కాబట్టి ఆవిడకి అది అన్యం కాదు."

నాకు ఈ రాగం గురించి తెలిసిందంతా ఆ మాటల మీదే నిలబడి ఉంది. తర్వాత చాలా లక్షణ గ్రంథాలు చూశాను, చాలా మంది విద్వాంసుల ఉపన్యాసాలు విన్నాను, అందరూ ఇంకా వివరంగా, ఇంకా శాస్త్రీయంగా చెప్పారు, కానీ బీరువాలో పట్టని చెయ్యి అన్న మాట మాత్రం నాకు మళ్ళీ ఎక్కడా దొరకలేదు.

అంత తెలిసి కూడా పరీక్షలో దెబ్బతిన్నాను. సంగీతం పరీక్షకి వెళ్ళినప్పుడు ఎగ్జామినరు గారు "ఆనందభైరవిలో సంచారం చెయ్యి" అన్నారు, అంటే ఆ రాగం నడిచే తీరు స్వరాలతో పాడి చూపించమని. లక్షణం గడగడా అప్పజెప్పేశాను, జన్యం, ఆరోహణ, అవరోహణ, జీవ స్వరాలు, అన్నీ. సంచారం మొదలుపెట్టాను, స గ రి గ మ దాకా బానే వెళ్ళాను, అక్కణ్ణుంచి నాకు తెలియకుండానే గొంతు ని ద మ ని ని స అని ఎక్కేసింది. ఆయన చెయ్యెత్తి ఆపి "రీతిగౌళలోకి వెళ్ళిపోయావమ్మా" అన్నారు నెమ్మదిగా. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంటి రాగంలో దారి తప్పాను కదా అని.

ఇది చాలా మందికి జరిగే పొరపాటే, ఎందుకంటే ఆ రెండు రాగాలూ బయల్దేరే తీరు ఒకటే. రీతిగౌళ ఆరోహణ స గ రి గ మ ని ద మ ని ని స. మొదటి ఐదు స్వరాలు అచ్చంగా ఇవే. ఆరో అడుగులో విడిపోతారు. ఆనందభైరవి మ నుంచి ప కి వస్తుంది, వచ్చి అక్కడ సుఖంగా కూర్చుంటుంది, ఊపిరి తీసుకుంటుంది. రీతిగౌళకి ఎక్కేటప్పుడు పంచమమే లేదు, అది నిషాదాన్ని పట్టుకుని నొక్కి నొక్కి పలుకుతుంది. అలా వెళ్ళినవాళ్ళు ఆనందభైరవికి తిరిగి రాలేరు. మాస్టారికి విషయం చెప్తే తిట్టలేదు, నెల రోజులు ఇంకేమీ చెప్పలేదు కూడా. రోజూ వెళ్ళగానే "పంచమం మీద కూర్చో" అనేవారు. గ మ పా... మ ప మ గా రి సా... గ రి గ మ పా... ఇంతే, రోజూ ఇంతే. మా అమ్మ అయితే "ఇదేం చదువే, నెల ఫీజు ఒక్క అక్షరానికా" అంది. నెల తర్వాత ఒక రోజు మధ్యమం దగ్గర గొంతు దానంతట అదే పంచమం వైపు వాలింది, నేను వెళ్ళమనకుండానే. మాస్టారు తల ఊపి "ఇప్పుడు ఇల్లు చేరావు" అన్నారు.

అప్పట్నుంచీ నాకో నమ్మకం. ఆనందభైరవిని హడావుడిగా పాడకూడదు. కచేరీల్లో కొందరు అప్పటికప్పుడు అల్లే కల్పనస్వరాలు చకచకా గుప్పిస్తుంటారు, వాళ్ళ విద్వత్తుకి నమస్కారం, కానీ నా చెవికి అక్కడ ఆ రాగం ఉండదు. ఇది విలంబంలో, మధ్య స్థాయిలో, తీరుబడిగా తిరిగే రాగం. శ్యామశాస్త్రి గారికి ఆ సంగతి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదేమో అనిపిస్తుంది. కర్ణాటక సంగీత త్రిమూర్తులు శ్యామశాస్త్రి, త్యాగయ్య, దీక్షితుల వారిలో వయసులో పెద్ద ఆయనే, 1762లో తిరువారూరులో పుట్టారు, తంజావూరులో బంగారు కామాక్షిని సేవించుకున్న కుటుంబం. అమ్మవారి మీద తెలుగులో ఆయన రాసిన మరివేరే గతి మిశ్రచాపు తాళంలో వినండి, మూడూ నాలుగుగా ఊగుతూ వెళ్ళే ఆ తాళం మీద ఈ రాగం ఉయ్యాల్లో బిడ్డలా ఒదిగిపోతుంది. తమిళ దేశంలో, అమ్మవారి ముందు, తెలుగు మాటల్తో ఒక పెద్దాయన పాడుకున్నది వింటే నాకు మొవ్వ దగ్గర పల్లెలో మా అమ్మమ్మ దేవుడి గూడే గుర్తొస్తుంది. ఓ జగదంబ, హిమాచలతనయ కూడా ఈ రాగంలోనివే, ఆయనకి ఇది ఎంత ఇష్టమో చూడండి.

దీక్షితుల వారు ఇంకో దారి. శ్రీచక్రంలోని తొమ్మిది ఆవరణాలకీ కట్టిన కమలాంబా నవావరణ కీర్తనల్లో మొదటి ఆవరణానికి ఆయన ఎంచుకున్నది ఈ రాగమే. ఇందులోనే త్యాగరాజ యోగ వైభవం అని ఇంకొకటి ఉంది, అక్కడ మాట ఒక్కో అక్షరం దగ్గరా తెగుతూ తెగుతూ ఆవు తోకలా సన్నబడుతుంది, దాన్ని గోపుచ్ఛ యతి అంటారు, తెగిన ప్రతి ముక్కకీ మళ్ళీ అర్థం ఉంటుంది. మాస్టారు అది పాడి చూపించినప్పుడు మేము నోరు తెరుచుకుని చూశాం.

మరి త్యాగయ్య? నీకే తెలియక పోతే లాంటివి ఒకటో రెండో తప్ప ఆయనవి ఈ రాగంలో పెద్దగా వినపడవు. అన్ని రాగాల్లో అన్ని కీర్తనలు చేసినాయన దీన్ని ఎందుకు వదిలేశారు అంటే దానికో కథ చెప్పుకుంటారు. తంజావూరు వైపు వెళ్ళిన కూచిపూడి భాగవతులు ఒకసారి ఆయన ముందు ఆనందభైరవి పాడారట. ఆయన కరిగిపోయి ఏం కావాలో కోరుకోమన్నారట. వాళ్ళు "ఈ రాగం మాకు ఇచ్చెయ్యండి, ఇక మీరు పాడకండి, త్యాగయ్య ఆనందభైరవి ఎందుకు పాడలేదు అని రేపు లోకం అడిగితే మా పేరు చెప్పుకుంటారు" అన్నారట. ఆయన సరే అన్నారట. భాగవతులు కాదు వేరే విద్వాంసుడు అని కూడా కొందరు చెప్తారు, కథ కాబట్టి రకరకాలుగా ఉంటుంది. నేను మాత్రం కూచిపూడి వైపే, మా అమ్మమ్మ ఊరి వైపు కాబట్టి.

ఈ కథ ఒక సెలవుల్లో అమ్మమ్మకి చెప్పాను. ఆవిడకి త్యాగయ్య అంటే తెలుసు, రాగం పేరు కొత్త. శ్రద్ధగా విని, "మా చిన్నప్పుడు కూచిపూడి వాళ్ళు వచ్చి గుడి ముందు రాత్రంతా ఆడేవారే, మా అమ్మ నన్ను ఒళ్ళో పడుకోబెట్టుకుని చూసేది, తెల్లారి పిడకలు చేసుకుంటూ అవే వరసలు కూనిరాగం తీసేది" అంది. అంతే అంది. నేను అప్పుడు చిన్నదాన్ని, ఇంకా అడిగి ఉండాల్సింది, ఏ వరసలు, ఏ పాటలు, ఎవరు పాడేవారు అని. అడగలేదు. ఆవిడ 1991లో వెళ్ళిపోయింది. టేపు రికార్డరు ఇంట్లో ఉండి కూడా ఒక్క పాట రికార్డు చేసుకోలేదు మేము, ఆవిడ ఎప్పుడూ ఉంటుందనే ధీమాతో.

పేరు గురించి ఒక మాట. ఆనందభైరవికీ భైరవికీ కొంత చుట్టరికం ఉంది, పుస్తకాల్లో రెండూ 20వ మేళం కిందే, భైరవిలోనూ రెండు ధైవతాలు పలుకుతాయి. కానీ భైరవి గంభీరంగా నిలబడే పెద్ద రాగం, ఇది ఒళ్ళో కూర్చోబెట్టుకునే రాగం. మరి ఆనందం అని పేరెందుకు, వింటే గొంతు పట్టేస్తుంది కదా అని ఒకసారి మాస్టార్ని అడిగితే "ఆడపిల్లని అత్తారింటికి పంపేటప్పుడు తల్లి ఏడుస్తుంది కదా, అది దుఃఖమా?" అన్నారు. నేను జవాబు చెప్పలేదు, పిన్ని పెళ్ళి గుర్తొచ్చి. మా అమ్మాయి పెళ్ళిలో నాకు జవాబు తెలిసింది, అప్పగింతల పాట ఎత్తుకోబోతే రి దగ్గరే గొంతు ఆగిపోయింది, మా అమ్మమ్మ ఆ రోజు ఎలా పాడిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. చివరికి మా చెల్లి అందుకుంది.

ఈ మధ్య జరిగిన సంగతి ఒకటి ఉంది, అసలు ఇదంతా రాయడానికి కారణం అదే. మా అమ్మమ్మ చెల్లెలు, మా చిన్నమ్మమ్మ, ఇంకా ఉన్నారు, తొంభై దాటాయి, మచిలీపట్నంలో కొడుకు దగ్గర. మా కజిన్ వాట్సాప్‌లో ఒక వీడియో పెట్టాడు, చిన్నమ్మమ్మ మంచం మీద కూర్చుని అదే హారతి పాడుతోంది. గొంతు వణుకుతోంది గానీ శ్రుతి కదల్లేదు. నేను ఊపిరి బిగబట్టి ఆ చోటు కోసం ఎదురుచూశాను. వచ్చింది. కానీ అక్కడ అంతర గాంధారం లేదు. మామూలుగా సాధారణ గాంధారం మీదే వెళ్ళిపోయింది, ఆగనూ లేదు. నాలుగుసార్లు వెనక్కి జరిపి విన్నాను, లేదు. నాకు మనసంతా ఏదోలా అయిపోయింది. మాస్టారు రాసిన నోటుబుక్కు తీసి చూశాను, పెన్సిలు గీతలు మాసిపోయి సగం అక్షరాలు కనపడట్లేదు, ఆ గ మీద నక్షత్రం మాత్రం ఉంది, గట్టిగా నొక్కి పెట్టారేమో. మరి నేనే చిన్నప్పుడు తప్పు పాడి వినిపించానా మాస్టారికి? నలభై ఏళ్ళుగా మా అమ్మమ్మది అనుకుంటున్నది అసలు నాదేనా? అడుగుదామంటే మాస్టారు లేరు, అమ్మమ్మ లేదు.

ఆ ఆదివారమే బస్సెక్కి మచిలీపట్నం వెళ్ళాను. చిన్నమ్మమ్మకి చూపు బాగా తగ్గింది, చెయ్యి పట్టుకుని తడిమి "పెద్దక్క మనవరాలివా, బెజవాడ దానివి" అంది. కాఫీలయ్యాక మెల్లిగా ఎత్తాను విషయం. హారతి నేను పాడతాను వినమన్నాను. పాడాను, నా నోటుబుక్కులో ఉన్నట్టుగా, ఆ గ దగ్గర ఆగి. ఆవిడ కళ్ళు మూసుకుని వింటూ, నేను ఆ చోటికి వచ్చేసరికి కుడి చెయ్యి కొంచెం పైకెత్తి గాల్లో అలా ఆపేసింది. నాకు నోట మాట రాలేదు.

"అక్క అక్కడ అలా లాగేదే" అంది. "మా అమ్మ కూడా లాగేది. నాకే ఆ లాగుడు పట్టుబడలేదు, ఎంత నేర్పినా. 'నువ్వు సాఫీగా పాడుకోవే' అని వదిలేసింది మా అమ్మ."

ఇంకోసారి పాడమంది. పాడాను. రెండో చరణం చివర ఆపి, "అక్కడ తొందరపడుతున్నావు, ప మీద కూర్చోవాలి" అనే మాట ఆవిడకి రాదు కాబట్టి, మంచం పట్టె మీద అరచేత్తో మెల్లిగా తట్టి, "ఇక్కడ ఇంకాసేపు ఉండు" అంది.